బుల్లెట్ ఇంజిన్‌లో కొత్త చప్పుడా? విప్పే ముందు వినండి

మూడేళ్ల కిందట శ్రీశైలం నుంచి తిరిగి వస్తుంటే, దోమలపెంట దాటిన కాసేపటికి నా బుల్లెట్ ఎడమ కాలి దగ్గర నుంచి ‘దడ్ దడ్’ మని కొట్టడం మొదలుపెట్టింది. రేజ్ చేస్తే గట్టిగా, వదిలేస్తే ఇంకోలా. చుట్టూ నల్లమల అడవి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల దగ్గర బళ్లను వదలరు. అప్పటికే సాయంత్రం అయిదున్నర. బండి పక్కకు తీసి, ఖాళీగా వెళ్తున్న ఒక ట్రాలీని ఆపి, అందులో ఎక్కించి హైదరాబాద్ చేర్చాను. మర్నాడు ఒక మెకానిక్ వచ్చి అర నిమిషం విని, "కనెక్టింగ్ పోయింది సార్, ఇంజిన్ దించాలి, 25 వేలకు తక్కువ కాదు" అన్నాడు. మా నాన్న 1994లో కొన్న బండి అది. ఆ మాట వినగానే కాళ్లు చచ్చుబడినట్టయింది.

చివరికి అది కనెక్టింగ్ (పిస్టన్‌ను క్రాంకుకు, అంటే ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసుకు కలిపే రాడ్) కాదు. ఏమిటో దాని చోటు వచ్చినప్పుడు చెప్తాను. అప్పటి నుంచి నేను తప్పకుండా పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. ఇంజిన్‌కు పానా పెట్టే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి: చప్పుడు ఎప్పుడు వస్తోంది, ఎక్కడి నుంచి వస్తోంది, ఏం చేస్తే మారుతోంది. బయటి నుంచి లోపలికి రావాలి. పైసా ఖర్చు లేని పరీక్షలన్నీ అయ్యాకే ఖర్చయ్యే పరీక్ష జోలికి వెళ్లాలి.

నేను చెప్పేది ముఖ్యంగా పాత క్యాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్ 350 గురించి. నల్లటి ఇనుప బోరు (పిస్టన్ ఆడే సిలిండరు), ఇంజిన్ వేరు, గేర్‌బాక్స్ వేరు, బోరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, 346 సీసీ. ఇది పుట్టుకతోనే చప్పుడు చేసే ఇంజిన్. వాల్వులను తెరిచే పుష్ రాడ్లు, ఆ రాడ్లను ఎత్తుతూ గేర్లతో తిరిగే క్యామ్‌లు, గాలితో చల్లబడే ఇనుప రెక్కలు, ఏ చప్పుడునూ నీళ్ల జాకెట్ మింగదు. కాబట్టి ‘చప్పుడు ఉందా’ అన్నది ప్రశ్న కాదు. నిన్న లేనిది ఇవాళ ఉందా అన్నదే ప్రశ్న.

అక్కడికక్కడే ఆపేయాల్సినవి

లోతుగా, బరువుగా, సుత్తితో దిమ్మె మీద కొట్టినట్టు ‘ధడ్ ధడ్’ మంటూ లోడ్ పడ్డప్పుడు పెరిగే చప్పుడు వస్తే ఇంకో కిలోమీటరు కూడా నడపకండి. అలాగే ఇంజిన్ శక్తి ఒక్కసారిగా తగ్గి, బిగుసుకుంటున్నట్టు కీచుమంటే వెంటనే క్లచ్ పట్టి పక్కకు తీయండి. ఇది సీజ్ అవడానికి ముందు లక్షణం. వెనక చక్రం పట్టేస్తే పడిపోతారు. మిగిలిన చాలా చప్పుళ్లతో నెమ్మదిగా ఇల్లు చేరవచ్చు. ఈ రెండింటితో మాత్రం వద్దు. ట్రాలీ కిరాయి ఎంతైనా క్రాంకు ఖర్చు కంటే తక్కువే.

కాగితం మీద పెట్టండి

ఫోన్‌లోనైనా సరే, రాసుకోండి. మనసులో ఉంచుకుంటే రెండో రోజుకే మారిపోతుంది. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు వస్తోందా, పది కిలోమీటర్లు తిరిగాక వస్తోందా? నిలబెట్టి ఉంచినా వస్తోందా, నడిపితేనే వస్తోందా? ఎత్తు ఎక్కేటప్పుడా, యాక్సిలరేటర్ వదిలి దిగేటప్పుడా? క్లచ్ పడితే మారుతోందా? ఈ మధ్య బండికి ఏం చేయించారు? చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ జవాబులు అందులోనే దొరికాయి. ఆయిల్ మార్చాక మొదలైందా, క్లచ్ ప్లేట్లు వేశాక మొదలైందా, సైలెన్సర్ తీసి బిగించాక మొదలైందా అన్నది తెలిస్తే సగం దారి వచ్చేసినట్టే.

తర్వాత ఒక చిన్న లెక్క. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. సైలెన్సర్ ‘డుగ్’ మనేది కూడా రెండు చుట్లకు ఒక్కసారే. అంటే ఒక వాల్వ్ చప్పుడు ఒక డుగ్‌కు ఒక్కసారి వినిపించాలి. క్రాంకుకే బిగించి తిరిగే రోటర్ (కరెంటు పుట్టించే అయస్కాంతపు చక్రం), స్ప్రాకెట్ (చైను పళ్ల చక్రం) లాంటివి ఒక డుగ్‌కు రెండుసార్లు కొట్టగలవు. బుల్లెట్ ఐడిలింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజిన్ ఆడడం) నెమ్మదిగా ఉంటుంది కాబట్టి చెవితోనే లెక్కపెట్టుకోవచ్చు. ఈ సౌకర్యం వేగంగా తిరిగే చిన్న ఇంజిన్లకు లేదు. బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంకును పట్టుకునే కింది కొన) మాత్రం ఎక్కువగా పవర్ స్ట్రోకులోనే గట్టిగా కొడుతుంది కాబట్టి, లెక్క ఒక్కదాన్నే నమ్ముకుని తీర్పు ఇవ్వకండి.

ఇంకో పరీక్ష రోడ్డు మీద. ఖాళీ రోడ్డులో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో టాప్ గేర్‌లో వెళ్లండి, తర్వాత అదే వేగంతో మూడో గేర్‌లో వెళ్లండి. చప్పుడు వేగం పెరిగితే అది ఇంజిన్ వైపుది. చక్రంతో పాటే తిరుగుతూ ఏ మార్పూ లేకపోతే చైను, వెనక స్ప్రాకెట్, చక్రం బేరింగులు, కుష్ రబ్బర్లు (వెనక చక్రంలో కుదుపు మింగే రబ్బర్లు) చూసుకోండి. చైను మరీ వదులైతే చైన్ కవర్‌కు తగిలి ఇంజిన్ పగిలిపోతోందేమో అన్నంత హడావుడి చేస్తుంది. ఒక్క చోట కాక చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల దాని వదులు చూడండి. అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోట, మధ్యలో వేలితో ఎత్తితే సుమారు 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి.

బయట ఉన్నవన్నీ ముందు

ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, బండి చుట్టూ కూర్చుని ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని ఊపండి. ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు, హెడ్ (బోరు మీది మూత) దగ్గరి పట్టీ, సైలెన్సర్ క్లాంపు, క్రాష్ గార్డు, టూల్ బాక్సు, చైన్ కవరు, హారన్ పట్టీ. దూరాలు తిరిగే బండికి ఇది అతిగా కాదు. ఒక్క సిలిండరు, పెద్ద పిస్టన్, అడుగడుగునా కుదుపు. నట్లు వాటంతటవే వదులవుతాయి. ఐడిలింగ్‌లో ఒక్కోదాన్ని మందపాటి గుడ్డతో అదిమి పట్టండి. చప్పుడు ఆగిందంటే దొరికింది. బోరు రెక్కలు కూడా గంటలా మోగుతాయి. రెండు రెక్కల మధ్య రబ్బరు ముక్క దూర్చి చూస్తే తెలిసిపోతుంది.

స్పార్క్ ప్లగ్ వదులుగా ఉంటే ‘చుఫ్ చుఫ్’ మని గాలి కొడుతుంది, ప్లగ్ చుట్టూ నల్లటి జిడ్డు కనిపిస్తుంది. డీకంప్రెసర్ (కిక్ కొట్టే ముందు ఇంజిన్ లోపలి ఒత్తిడి వదిలే మీట) కేబుల్ మరీ బిగుతుగా ఉంటే దాని చిన్న వాల్వ్ పూర్తిగా మూసుకోదు. అప్పుడు అక్కడి నుంచి ‘చిస్ చిస్’ అని, కొన్నిసార్లు టిక్ టిక్ అని వస్తుంది. కేబుల్‌కు కొంచెం వదులు ఇస్తే చాలు. దీన్ని టాపెట్ (క్యామ్‌కూ పుష్ రాడ్‌కూ మధ్య ఉండే ముక్క) సౌండ్ అనుకుని టాపెట్లు బిగించి, వాల్వ్ కాల్చుకున్నవాళ్లు నాకు తెలుసు.

సైలెన్సర్ పైపు హెడ్‌లోకి వెళ్లే చోట లీకైతే వచ్చే ‘టప్ టప్’ కూడా అచ్చం టాపెట్‌లాగే ఉంటుంది. చల్లటి ఇంజిన్ మీద ఆ చోట సబ్బు నీళ్లు రాసి, స్టార్ట్ చేసి, వేడెక్కక ముందే చూడండి. బుడగలు వస్తే లీకు. పాత లీకైతే అక్కడ మసి గీత ఉంటుంది. ఈ పరీక్షలన్నీ ఆరుబయటే చేయండి. షట్టర్ దించిన గదిలో ఇంజిన్ ఆడిస్తే ఆ పొగ ప్రాణం తీస్తుంది.

ఆయిల్

బుల్లెట్‌లో ఆయిల్ ట్యాంకు ఇంజిన్ కేసులోనే వేరే అరగా ఉంటుంది. చాలా రోజులు కదలకుండా నిలబెడితే ట్యాంకులోని ఆయిల్ మెల్లగా క్రాంకు వైపు దిగిపోతుంది. అప్పుడు డిప్‌స్టిక్ చూస్తే ఆయిల్ లేనట్టు కనిపిస్తుంది. కంగారుపడి ఇంకో లీటరు పోయకండి. అయిదు నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి, రెండు నిమిషాలు ఆగి, సెంటర్ స్టాండ్ మీద చూడండి.

మట్టం సరిగా ఉన్నంత మాత్రాన ఆయిల్ పైకి వెళ్తోందని కాదు. కుడి వైపు నుంచి, హెడ్‌లో వాల్వులను నొక్కే రాకర్ల దాకా బయట సన్నటి పైపు ఒకటి వెళ్తుంది. ఐడిలింగ్‌లో దాని పై బోల్టును ఒక్క పావు చుట్టు వదులు చేయండి. ఆయిల్ ఊరి బయటికి రావాలి. రాకపోతే పైపు పూడుకుపోయిందన్నా అనుకోవాలి, పంపు పని చేయడం లేదన్నా అనుకోవాలి. వెంటనే ఇంజిన్ ఆపేయండి, ఆ కారణం తేలేదాకా మళ్లీ స్టార్ట్ చేయకండి. ఆయిల్ వేడిగా ఉంటుంది, చెయ్యి జాగ్రత్త. చేతికి దొరికిన ఏ ఆయిలో పోసినా కొత్త చప్పుళ్లు వస్తాయి. మన ఎండలకు 20W-50 గ్రేడే ఈ ఇంజిన్‌కు సరి.

కర్ర పెట్టి వినండి

పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకోండి. మొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు ఆనించండి. వేలంత కర్రయినా పనికొస్తుంది. చున్నీ, కండువా, వదులు చొక్కా చేతులు ముందే పక్కన పెట్టండి. వెనక చైను దగ్గరికి తల పోనివ్వకండి.

మొదట హెడ్ మీద రెండు రాకర్ కవర్లు. తర్వాత కుడి వైపు బోరు కింద టాపెట్ మూత, దాని కింద టైమింగ్ కవరు (క్యామ్ గేర్ల మీది మూత). తర్వాత ఎడమ వైపు ప్రైమరీ కవరు (ఇంజిన్ నుంచి క్లచ్‌కు వెళ్లే ప్రైమరీ చైను మీది మూత) ముందు భాగం, వెనక భాగం. చివరగా బోరుకు సరిగ్గా కింద క్రాంక్ కేసు, ఆ వెనక గేర్‌బాక్సు. ప్రతిచోటా పది సెకన్లు. మొదటిసారి అన్నిచోట్లా ఒకేలా వినిపిస్తుంది. నిరాశపడకండి. రెండో చుట్టులో తేడా తెలుస్తుంది: ఒకచోట చప్పుడు దూరం నుంచి వస్తున్నట్టు ఉంటుంది, ఒకచోట సరిగ్గా చెవిలోనే కొట్టినట్టు ఉంటుంది. ఆ రెండోదే మీకు కావలసిన చోటు.

కుడి వైపు: టాపెట్లు, టైమింగ్

సన్నగా, తేలిగ్గా ‘టిక్ టిక్’ అంటూ డుగ్‌కు ఒకటి చొప్పున వస్తూ, టాపెట్ మూత దగ్గరా రాకర్ల దగ్గరా బాగా వినిపిస్తే టాపెట్లే. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద మాత్రమే వీటిని ముట్టుకోండి. ప్లగ్ తీసి, సెంటర్ స్టాండ్ మీద టాప్ గేర్ వేసి, వెనక చక్రాన్ని ముందుకు తిప్పుతూ పిస్టన్‌ను కంప్రెషన్‌లో పైకి తెచ్చుకోండి. గుర్తు ఏమిటంటే, ఇన్‌లెట్ పుష్ రాడ్ లేచి దిగిన తర్వాత పిస్టన్ పైకి వచ్చే చోటే అది. అక్కడ రెండు వాల్వులూ మూసి ఉంటాయి.

మూత తీశాక రెండు పుష్ రాడ్లు నిలువుగా కనిపిస్తాయి. ఒక్కోదాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని తిప్పండి. అగరవత్తిని వేళ్ల మధ్య తిప్పినంత తేలిగ్గా తిరగాలి. కానీ పైకీ కిందికీ లాగితే టక్ మని ఆడకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదరాలి. ఆడుతుంటే వదులు, అదే మీ చప్పుడు. తిరగకపోతే బిగుతు. దీనికి చప్పుడు రాదు, అందుకే ఇది ఎక్కువ ప్రమాదం. వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోదు, ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోతుంది. అనుమానం వస్తే ఎగ్జాస్ట్ వైపు రవ్వంత వదులు వైపే మొగ్గండి. సర్దేటప్పుడు మూడు పానాలు కావాలి: కింది టాపెట్ కాడను ఒకటి పట్టుకుంటే, మధ్య లాక్ నట్టును ఇంకోటి వదులు చేస్తుంది, పై అడ్జస్టర్‌ను మూడోది తిప్పుతుంది. లాక్ నట్టు బిగించేటప్పుడు సెట్టింగ్ కొంచెం కదిలిపోతుంది, కాబట్టి బిగించాక మళ్లీ వేళ్లతో తిప్పి చూడండి. నాకు ఇప్పటికీ రెండుమూడు సార్లు చేస్తే గానీ కుదరదు.

టాపెట్లు సరిగానే ఉండి, టైమింగ్ కవర్ దగ్గర గరగరమంటుంటే గేర్లు గానీ క్యామ్ బుష్‌లు గానీ అరిగాయి. కొంత ‘గుయ్’ మనే గేర్ల సౌండు ఈ ఇంజిన్‌కు మామూలే. లొడలొడ మామూలు కాదు. అది ఇంట్లో చేసే పని కూడా కాదు.

ఎడమ వైపు: నా బండి కథ ఇక్కడుంది

ప్రైమరీ చైను వదులైతే ఐడిలింగ్‌లో ఎడమ వైపు లోపల గొలుసు ఈడ్చినట్టు గరగరమంటుంది. రేజ్ చేసి వదిలినప్పుడు ఒక్క క్షణం పెరుగుతుంది. కవరు తీయాలంటే ఎడమ ఫుట్‌రెస్టు, బ్రేక్ పెడల్ పక్కకు తప్పించి, కవర్ మధ్యలో ఉన్న ఒక్క నట్టు విప్పాలి. ముందే కింద వెడల్పాటి పళ్లెం పెట్టండి, లోపలి ఆయిల్ అంతా ఒక్కసారిగా వస్తుంది. చైను బిగుతుగా ఉన్న చోట సుమారు 6 మిల్లీమీటర్లు ఆడాలి. ఎక్కువైతే కింద ఉన్న స్లిప్పర్ పట్టీని సర్ది బిగుతు చేయొచ్చు. పట్టీ చివరిదాకా వచ్చేసిందంటే చైను మార్చాలి.

ఆ రోజు మెకానిక్ వెళ్లిపోయాక కర్ర పెట్టి విన్నాను. క్రాంక్ కేసు మీద చప్పుడు దూరంగా, ప్రైమరీ కవర్ ముందు భాగంలో చెవిలోనే కొట్టినట్టుగా ఉంది. డుగ్‌కు ఒకటి కాదు, కొన్నిసార్లు రెండు. కాగితం మీద చివరి ప్రశ్నకు జవాబు రాస్తుంటే గుర్తొచ్చింది: నెల కిందటే క్లచ్ ప్లేట్లు వేయడానికి ప్రైమరీ కవర్ తీసింది నేనే. కవర్ విప్పాను. స్టేటర్ (రోటర్ చుట్టూ కదలకుండా ఉండే తీగ చుట్ల భాగం) దాని స్టడ్ల మీద సరిగానే ఉంది. దాన్ని తీసి, లోపలి రోటర్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే క్రాంకు కదలకుండానే రోటర్ సన్నగా ‘టక్ టక్’ మంది. నట్టు కింద లాక్ వాషర్ మడత నేను సరిగా వంచలేదు, నట్టు అర చుట్టు వెనక్కి వచ్చింది. రోటర్‌ను క్రాంకుకు పట్టి ఉంచే చిన్న కీ ఒక పక్క అరిగి మెరుస్తోంది. అంత బరువున్న రోటర్ క్రాంకు కొన మీద అలా ఆడుతుంటే అచ్చం బిగ్ ఎండ్ పోయినట్టే కొడుతుంది. కొత్త కీ, కొత్త లాక్ వాషరు వేసి, నట్టు గట్టిగా బిగించి మడత వంచాను. స్టార్ట్ చేస్తే ఆ ‘దడ్ దడ్’ లేదు. అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆ ఐడిలింగ్ వింటూ ఉండిపోయాను.

అందుకే ఎవరైనా కనెక్టింగ్ పోయిందంటే, ఇంజిన్ దించే ముందు ప్రైమరీ కవర్ తీయించండి. రోటర్ నట్టు చూడండి, ఇంజిన్ స్ప్రాకెట్ చూడండి. తిరిగి బిగించేటప్పుడు రోటర్‌కూ స్టేటర్‌కూ మధ్య చుట్టూరా సన్నటి ఫిల్లర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు) దూరుతోందో లేదో చూసుకోండి. ఒక పక్క ఆనుకుంటే గీరుకుంటూ ఇంకో కొత్త చప్పుడు తయారవుతుంది.

క్లచ్, గేర్‌బాక్సులకు ఒకటే పరీక్ష. న్యూట్రల్‌లో ఐడిలింగ్‌లో ఉంచి క్లచ్ లివర్ పట్టండి, వదలండి. పడితే ఆగే చప్పుడు క్లచ్ బాస్కెట్‌దో గేర్‌బాక్సు మెయిన్ షాఫ్టు బేరింగుదో అయ్యుంటుంది. పడితేనే మొదలయ్యే చప్పుడు క్లచ్‌ను నెట్టే చోటిది. రెండింటికీ సంబంధం లేకుండా ఉంటే క్లచ్‌ను వదిలి ముందుకు వెళ్లండి.

ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే వస్తే

అనంతగిరి ఘాట్‌లోనో లంబసింగి దారిలోనో టాప్ గేర్‌లో లాగిస్తుంటే గాజు గోళీలు రేకు డబ్బాలో వేసి ఊపినట్టు ‘కిణకిణ’ వస్తే, అది ఏదో అరిగిన చప్పుడు కాదు. పెట్రోలు సమయం కాని సమయంలో పేలుతోంది, దీన్నే నాకింగ్ అంటాం. ముందు గేరు తగ్గించండి. ఇంటికొచ్చాక ప్లాటినం పాయింట్ల (ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించే స్విచ్చు) గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉందా చూసి, తర్వాత ఆ రవ్వ టైమింగ్ చూడండి. గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారిపోతుంది కాబట్టి ఈ వరస తిప్పకండి. వేగాన్ని బట్టి రవ్వను ముందుకు జరిపే ఆటో అడ్వాన్స్ స్ప్రింగులు సాగిపోయినా, తుప్పు పట్టి ఇరుక్కున్నా ఇదే జరుగుతుంది. హెడ్‌లో కార్బన్ పేరుకున్నా వస్తుంది. దీన్ని ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే పిస్టన్ పైభాగం తినేస్తుంది.

లోపలివి: పిస్టన్, స్మాల్ ఎండ్, బిగ్ ఎండ్

చల్లటి ఉదయం మొదటి రెండు మూడు నిమిషాలు బోరు మధ్యలో మొద్దుగా ‘టొక టొక’ మని, వేడెక్కాక పోతే అది పిస్టన్ స్లాప్. బోరుకూ పిస్టన్‌కూ మధ్య సందు పెరిగింది. పోతున్నంత కాలం టెన్షన్ అక్కర్లేదు. ఆయిల్ తాగుతోందా, నీలి పొగ వస్తోందా గమనించుకుంటూ నడపండి. వేడెక్కాక కూడా ఉంటే బోరు కొలిపించాలి. ఆ పనికి మీ ఊళ్లో నమ్మకమైన లేత్ లేకపోతే విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్లినా నష్టం లేదు. పిస్టన్ ముందే చేతికిస్తే దాన్ని కొలిచి, దానికి తగ్గట్టు బోరు చేస్తారు. పిస్టన్ ఇవ్వకుండా బోరు చేయమనకండి.

స్మాల్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ పిస్టన్‌ను పట్టుకునే పై కొన) ఐడిలింగ్‌లో తేలిగ్గా, జంటగా ‘టకటక్’ అంటుంది. బిగ్ ఎండ్ బరువుగా ఉంటుంది, ఇంజిన్ వేడెక్కి ఆయిల్ పలచబడ్డకొద్దీ పెరుగుతుంది, 50 వేగంలో నిలకడగా వెళ్తూ కొంచెం రేజ్ చేసినా కొంచెం వదిలినా స్పష్టంగా కొడుతుంది. పిస్టన్ స్లాప్ చల్లగా ఉన్నప్పుడు, బిగ్ ఎండ్ వేడిగా ఉన్నప్పుడు. ఈ ఒక్క తేడా గుర్తుంటే చాలా పొరపాట్లు తప్పుతాయి.

సాక్ష్యం ఆయిల్‌లో ఉంటుంది. ఇంజిన్ వేడిగా ఉండగా ఆయిల్ దించి, అందులో ఒక గ్లాసెడు తెల్లటి పింగాణీ పళ్లెంలో పోసి ఎండలోకి తీసుకెళ్లండి. పళ్లాన్ని మెల్లగా అటూ ఇటూ వంచండి. నల్లటి ఆయిల్ జారుకుంటూ పోయేచోట పలుచని పొర మిగులుతుంది, ఆ పొరలో ఉన్నది కంటికి దొరుకుతుంది. ముఖానికి రాసుకునే మెరుపు పొడిలా అతి సన్నగా, అక్కడొకటి ఇక్కడొకటి మెరిస్తే పాత ఇంజిన్‌కు అది మామూలు. వేలికి గరుకుగా తగిలే పొట్టు ఉంటే మామూలు కాదు. పళ్లెం కింద అయస్కాంతం తిప్పండి. వెంట వచ్చేది ఇనుము: గేర్లు, క్యామ్, టాపెట్లు, రింగులు. రానిది తెల్లగా ఉంటే అల్యూమినియం, అంటే పిస్టన్ గానీ కేసు గానీ. ఇత్తడి రంగులో ఉంటే బుష్‌లు. ఫిల్టర్ మడతలు కూడా విప్పి చూడండి. పెద్దవి అక్కడే ఇరుక్కుంటాయి.

పొట్టు కనిపించి, వేడిమీద బరువు చప్పుడు కూడా ఉంటే అప్పుడు ఇంజిన్ దించడానికి ఒప్పుకోండి. బోరు తీశాక మీరు కూడా అక్కడే ఉండండి. కనెక్టింగ్ రాడ్‌ను రెండు చేతులతో పట్టుకుని నిట్టనిలువుగా పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకు కొంచెం కదలడం మామూలే. నిలువుగా ఏమాత్రం ‘టక్’ మన్నా బిగ్ ఎండ్ అయిపోయినట్టే. ఆ టక్ మీ చేతికి తగిలాకే డబ్బు కట్టండి.

యూనిట్ ఇంజిన్ బళ్లకు

2009 ప్రాంతం నుంచి 2020 ప్రాంతం దాకా వచ్చిన యూనిట్ ఇంజిన్ (ఇంజిన్, గేర్‌బాక్సు ఒకే కేసులో ఉండేది) థండర్‌బర్డ్, క్లాసిక్ లాంటివి ఉన్నవాళ్లు పై టాపెట్ పద్ధతిని వాడకండి. వాటిలో ఆయిల్ ఒత్తిడితో తమంతట తామే సర్దుకునే హైడ్రాలిక్ టాపెట్లు, సర్దే పని లేదు. చాలా రోజులు నిలబెట్టాక స్టార్ట్ చేస్తే కొన్ని సెకన్లు టిక్కుమని ఆగడం సహజం, ఆయిల్ నిండేదాకా అంతే. ఆగకపోతే ముందు ఆయిల్ మట్టం, ఫిల్టరు చూడండి. సెల్ఫ్ కొట్టినప్పుడు మాత్రమే ‘ఖణేల్’ మంటే స్టార్టర్ వైపు స్ప్రాగ్ క్లచ్‌ను (సెల్ఫ్ మోటారును ఇంజిన్‌కు ఒక దిశలోనే పట్టించే భాగాన్ని) అనుమానించండి. బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు పదేపదే సెల్ఫ్ కొట్టడం దానికి పెద్ద శత్రువు.

మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే

‘సౌండ్ వస్తోంది, చూడండి’ అని తాళం ఇచ్చేసి రావద్దు. "వేడెక్కాక వస్తోంది, ఎడమ వైపు ముందు భాగంలో, క్లచ్ పట్టినా మారడం లేదు, టాపెట్లు నేను చూశాను, ఆయిల్ పైకి వెళ్తోంది" అని చెప్పండి. మంచి మెకానిక్ ఈ మాటలు విని సంతోషిస్తాడు, సగం పని తగ్గుతుంది కాబట్టి. మార్చిన ప్రతి పాత సామానూ అడిగి తీసుకోండి.

బండి బాగున్న రోజునే దాని చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఒకటి, ఇంజిన్‌కు అడుగు దూరంలో. చల్లగా ఉన్నప్పుడు అర నిమిషం, పది కిలోమీటర్లు తిరిగొచ్చాక అర నిమిషం. ఫైలు పేరులో తేదీ, కిలోమీటర్లు రాయండి. నా దగ్గర ఇప్పుడు అలాంటివి 30 పైనే ఉన్నాయి. ఏదైనా కొత్తగా వినిపించినట్టు అనిపిస్తే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాతదీ కొత్తదీ పక్కపక్కనే వింటాను.